కొక్కేలు లేని పాతాళగరిగె

తిరుపతిలో గుండు కనిపిస్తే ఎవరూ తలతిప్పి చూడరు. గంధం పూసిన తల ఈ ఊళ్ళో టోపీ కంటే మామూలు. కానీ ఏప్రిల్ నెలాఖరులో ఒక పొద్దున మా బావ కొండ దిగి వచ్చి అలిపిరి దగ్గర బస్సు దిగినప్పుడు, నేను ఆయన్ని దాటుకొని నాలుగడుగులు ముందుకు పోయాను. గుండు సరే, మీసం లేదు. ముప్పై ఏళ్ళు పలమనేరు సంతలో మనిషి కంటే ముందు బేరానికి దిగిన మీసం అది. మా అక్క పెళ్ళి ఫోటోలో కూడా మొదట కనపడేది అదే.

“నవ్వద్దు బామ్మర్దీ,” అన్నాడు కారెక్కుతూ. “స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయిపోయినాయి.”

స్వామి కార్యం మూడేళ్ళ నాటి మొక్కు. స్వకార్యం ఒక డైవింగ్ మాస్కు.

మేమిద్దరం పుదుచ్చేరికి బయల్దేరాం. అక్కడ తీరానికి అవతల సముద్రం అడుగున ఎప్పుడో తెగిపోయి, రాళ్ళకు చుట్టుకొని పడివున్న వలల్ని కోసి పైకి తేవడానికి స్వచ్ఛందంగా వచ్చే డైవర్ల జట్టులో మా పేర్లు కూడా ఉన్నాయి. కూలి లేదు, అన్నం పెడతారు. పరికరాలు సొంతవి ఉంటే తెచ్చుకోండి, లేకుంటే అద్దెకు దొరుకుతాయి అన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో నెత్తిమీద పడవల తాకిడి తక్కువ. నైలాను వల మనిషి మరచిపోయినా చేపలు పట్టడం మానదు. కుళ్ళదు, కరగదు. అందులో చిక్కిన చేపను తినడానికి పీత వస్తుంది, అదీ చిక్కుతుంది. దీన్ని దెయ్యం వల అంటారు. పేరు బాగానే పెట్టారు.

మెట్ట జిల్లావాళ్ళకు ఈ పనేమిటని అడిగినవాళ్ళున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, పులికాట్ మా వైపు చేరి తిరుపతి జిల్లాకు కూడా ఒక సముద్రతీరం వచ్చిన మాట నిజమే. కానీ పులికాట్‌లో డైవింగ్ కుదరదు. ఫ్లెమింగోలు నిలబడి మేత మేసేటంత నీళ్ళలో మనిషి మునగాలంటే పడుకోవాలి. ఇక చిత్తూరు జిల్లాకు ఆ పాటి తీరం కూడా లేదు.

మా సముద్రం బావి. చంద్రగిరి పక్కన మా ఊళ్ళో మోటబావిలో వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చినవాళ్ళం. ఆ బావిలో బొక్కెన పడితే పాతాళగరిగె తెచ్చేవాళ్ళు. చూడని పిల్లలకు చెప్పాలంటే, ఒక ఇనుప కడియం, దాని చుట్టూ గొలుసు ముక్కలు, వాటి చివర్న నాలుగు వైపులకీ తిరిగిన కొక్కేలు. తాడు కట్టి దించి, అడుగున అటూ ఇటూ దేవులాడిస్తే ఏదో ఒక కొక్కేనికి బొక్కెన చెవి తగిలి, చేతికి బరువు తెలుస్తుంది. ఊరంతటికీ ఒకరింట్లోనే ఉండేది. చెంబో తపేలానో కుదువ పెట్టి తెచ్చుకోవాలి. దానికి కూడా అందని బిందెల కోసం పెళ్ళయిన కొత్తలో మా బావ మునిగేవాడు. అత్తగారి ఊరిలో ఆయన పరపతి అలా మొదలయింది.

రెండేళ్ళ కిందట ఇద్దరం పుదుచ్చేరిలోనే 18 మీటర్ల దాకా దిగే కోర్సు చేశాం, పోయినేడు దాని పై కోర్సు. అప్పటి నుంచి బావకు పరికరాల పిచ్చి పట్టింది. ట్రాక్టరు కొనే ముందు కూడా ఇన్ని పుస్తకాలు తిరగేసి ఉండడు. అన్నీ ఒకేసారి కొనేస్తానని కూర్చుంటే వద్దని మా శిక్షకురాలు ఒక మాట చెప్పింది: ముఖానికీ కాళ్ళకూ తగిలేవి కొనుక్కో, మిగతావి అద్దెకు తీసుకో.

అందుకే మాస్కుతో మొదలుపెట్టాం. అంగట్లో దాన్ని ఎంచే పద్ధతి చాలా తేలిక. పట్టీ తలకు వేసుకోకూడదు. మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలెయ్యాలి. తల కిందికి వంచినా పడిపోకుండా అతుక్కుంటే అది నీ మాస్కు. పడిపోతే ఎంత ఖరీదయినా నీది కాదు. పట్టీ బిగించి నీళ్ళు ఆపుదామనుకుంటే అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది. బావ చెన్నైలో ఒక అంగట్లో పదకొండు మాస్కులు పెట్టి చూశాడు. స్కూబాప్రో, క్రెస్సీ, మారెస్, ఏదీ నిలవలేదు. లోపం మాస్కుల్లో లేదు. సిలికాన్ అంచు నున్నటి చర్మానికి ఆనుకోవాలి. మీసం ఉంటే ప్రతి వెంట్రుక పక్కనా ఒక సన్న కాలువ. ముక్కు కింద ఒక వరస గీసేస్తే సరిపోతుందని కొందరు, వాజలీన్ రాసుకొమ్మని ఇంకొందరు. బావ మీసానికి ఆ రెండూ చాలవు. అది కిందికి వాలి పైకి లేచే రకం.

మొక్కు గుర్తొచ్చింది అప్పుడే. అయితే ఆయన మొదట అనుకున్నది వేరు. పని బాగా జరిగితే తిరిగొచ్చేటప్పుడు తిన్నగా కొండకు పోయి గుండు కొట్టించుకుందామన్నాడు. అది కుదరదని నేను చెప్పాల్సి వచ్చింది.

నీళ్ళలో లోతుకు పోయేకొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకి వచ్చాక మెల్లగా ఊపిరితో బయటికి పోతుంది. పోయేలోగా బయటి ఒత్తిడి ఇంకా తగ్గితే, గోలీ సోడా గోలీ నొక్కినప్పుడు జరిగేదే రక్తంలో జరుగుతుంది. అందుకే డైవింగ్ చేసినవాళ్ళు వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుకు రెండు మూడు చొప్పున కొన్ని రోజులు చేస్తే 18 గంటలు ఆగాలి. ఈ లెక్క విమానం గదిలో 2,000 అడుగుల ఎత్తు మీద ఉండే ఒత్తిడి నుంచి మొదలవుతుంది. తిరుమల సుమారు 850 మీటర్లు, అంటే 2,800 అడుగులు. సముద్రం నుంచి వచ్చి తిన్నగా ఘాట్ రోడ్డు ఎక్కడం అంటే విమానం ఎక్కినట్టే.

“అయితే ముందే పొయ్యొస్తా,” అన్నాడు బావ. అలా ఆయన మొక్కూ మాస్కూ ఒక రోజునే తీరాయి.

నాకు మీసం సన్నం. గీయలేదు. దాని ఫలితం తరువాత చెప్తాను. నా ఇబ్బంది కళ్ళద్దాలు. మాస్కులో కళ్ళద్దాలు పట్టవు, కమ్మీలు అంచును లేపేస్తాయి. పవర్ ఉన్న అద్దాలు బిగించిన మాస్కు తెప్పించుకున్నాను. నీళ్ళలో వస్తువులు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పవర్ కొంచెం తక్కువైనా సరిపోతుంది. కొత్త మాస్కు అద్దానికి తయారీలో పట్టిన సన్నని పొర ఉంటుంది. దాన్ని టూత్‌పేస్టు పెట్టి రుద్ది రుద్ది పోగొట్టకపోతే మంచు పట్టినట్టు మసకేస్తుంది. మా ఇంట్లో ఆ వారం పళ్ళ కంటే మాస్కుకే ఎక్కువ పేస్టు ఖర్చయింది. నీళ్ళలోకి దిగే ముందు మాత్రం ఇంత సైన్సునూ పక్కన పెట్టి అద్దం మీద ఉమ్మేసి కడుక్కుంటాం. దాన్ని మించిన మందు ఇంకా రాలేదు.

కాణిపాకంలో ఆగాం. తిరుపతి నుంచి చిత్తూరు పోతూ ఆగకపోతే బావకు తోచదు. అక్కడి స్వామి వెలసింది బావిలో. ఇప్పటికీ ఆయన చుట్టూ నీళ్ళుంటాయి. ఎప్పుడో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదనీ, స్వామి పెరుగుతున్నాడనీ మావాళ్ళ నమ్మకం. బావ కారులో ఉన్న వెట్‌సూట్‌ను తలచుకొని పొట్ట తడుముకున్నాడు. రెండేళ్ళ కిందట కొన్నది. “నాదీ స్వామి మాదిరే,” అన్నాడు.

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి మా జిల్లాలో ఎంతటివాడికైనా నోరు రాదు. గుడి బయట చెట్టు నీడలో కూర్చొని పుదుచ్చేరికి ఇవ్వాల్సిన ఆరోగ్య పత్రం బయటికి తీశాను. ఉబ్బసం ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, గుండె జబ్బు, రక్తపోటు మాత్రలు. ఒక్కదానికి అవునని రాసినా డాక్టరు సంతకం కావాలి. పోయినసారి బావ అన్నిటికీ లేదు అని టిక్కు పెట్టాడు. ఈసారి పెన్ను పట్టుకొని గోపురం వైపు చూశాడు. “బీపీ మాత్ర వేసుకుంటా ఉండా గదా,” అని నెమ్మదిగా అవును దగ్గర గీత పెట్టాడు. ఒక్కోసారి ఏ పరికరం ఎంత ఖరీదైనా ఈ ఒక్క కాగితం అంత పని చెయ్యదు. చిత్తూరులో ఆయనను ఎప్పుడూ చూసే డాక్టరు బీపీ కొలిచి, ఫిబ్రవరి నాటి ట్రెడ్‌మిల్ రిపోర్టు తిరగేసి, సంతకం చేసి, “నీళ్ళ కింద ఏముందయ్యా నీకు?” అని అడిగాడు. బావ “వలలు” అన్నాడు.

ఆ వీధిలోనే సర్జికల్ సామాన్ల అంగడి ఉంది. కట్లు కత్తిరించే కత్తెర అడిగాం. ఒక మొన వంగి, చివర మొద్దుగా ఉంటుంది, ప్రమాదంలో దెబ్బ తగిలినవాడి ప్యాంటు కోసినా చర్మానికి తగలదు. వల కోయడానికి సినిమాల్లో డైవరు పిక్కకు కట్టుకునే బాకు కంటే ఇది నయం. బాకుతో నైలాను దారం తెగాలంటే ముందు దాన్ని లాగి బిగించాలి. బిగిసిన దారం తెగినప్పుడు బాకు మొన ఎటు పోతుందో చెప్పలేం. పక్కన ఉండేది మన గొట్టమో, మన జతగాడో. కత్తెర రెండు చేతులు అడగదు. అంగడాయన ఆరు కత్తెరలు ఎందుకని అడగలేదు, చిత్తూరులో ఎవరి గొడవ వాళ్ళది.

మార్కెట్లో బావ ఇంకొక సరుకు పట్టాడు. ఎర్రగడ్డల వల సంచులు, పది. కోసిన ముక్కలు వేసుకోవడానికి నీళ్ళు కారిపోయే సంచి కావాలి గదా, వేలు పోసి డైవింగ్ అంగట్లో కొనేదెందుకు అన్నాడు. నాకూ తెలివైన పనే అనిపించింది.

వేలూరు, ఆరణి దాటి వందవాసి మీదుగా పోయాం. 1760లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళను ఓడించిన ఊరు, ఆ ఓటమితోనే పుదుచ్చేరి గతి మారింది. మేము ఆగి టీ తాగాం, అంతే. దారి పొడుగునా బావ రెగ్యులేటర్ గురించే మాట్లాడాడు. కొనాలని మనసు, నేను వద్దంటున్నాను.

రెగ్యులేటర్ అర్థం కావాలంటే వంటింట్లోకి పోవాలి. గ్యాస్ బండ మీద కూర్చున్న బిళ్ళ లోపలి ఒత్తిడిని తగ్గించి పొయ్యికి కావలసినంతే వదులుతుంది. డైవింగ్ రెగ్యులేటర్ చేసేదీ అదే. పోలిక నేను కల్పించింది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడిపే రోజుల్లో ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు ఇంజనుకు గ్యాస్ అందించే రెగ్యులేటర్ మీద పని చేశాడు. నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో దగ్గరికి వస్తే, ఇద్దరూ కలిసి 1943లో దాన్నే మనిషి ఊపిరికి కుదిర్చారు. ఆక్వాలంగ్ అలా పుట్టింది. మామూలు అల్యూమినియం సిలిండరు 11.1 లీటర్లది, నిండినప్పుడు దాని ఒత్తిడి 207 బార్లు. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. సిలిండరు మూతికి బిగించే మొదటి అంచె ఆ ఒత్తిడిని పది బార్ల దరిదాపుకు దించుతుంది, నోట్లో పెట్టుకునే రెండో అంచె చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేట్టు, పీల్చినప్పుడే వదులుతుంది. లోపల రబ్బరు వాషర్లు, స్ప్రింగులు. ఏడాదికోసారి విప్పి మార్చాలి. పలమనేరులో అది చేసేవాడు లేడు, మిక్సీలు బాగుచేసే ఆయనకు ఇవ్వలేం. ఏడాదిలో వారం రోజులు వాడేదాన్ని బీరువాలో దాచి, ఉప్పు తిన్న స్ప్రింగును నమ్మి 18 మీటర్లు దిగడం కంటే, రోజూ వాడి, క్రమం తప్పకుండా సర్వీసు చేయించేవాళ్ళ దగ్గర అద్దెకు తీసుకోవడం మేలు. దిండివనం వచ్చేసరికి బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నది నా వాదనకో ఆకలికో తెలియదు.

పుదుచ్చేరిలో మా శిక్షకురాలికి తెలుగు రాదు, కానీ చిత్తూరువాళ్ళకు తమిళం నేర్పాల్సిన పని లేదు. సంచి చూసి కత్తెరలను మెచ్చుకుంది. ఎర్రగడ్డల సంచులను వేళ్ళతో లాగింది. దారం పోగులు చేతికి వచ్చాయి. “వలను తీయడానికి పోయి ఇంకో వలను వదిలి వస్తారా?” అంది. బావ సంచులు మడిచి కారు డిక్కీలో పెట్టాడు.

మరుసటి పొద్దున ఈతకొలనులో పరీక్ష. పరికరాలన్నీ వేసుకొని మోకాళ్ళ మీద కూర్చొమ్మంది. నేను నిండుగా ఉన్నాను. పిక్కకు బాకు (కత్తెర ఉన్నా మనసు ఒప్పక తెచ్చుకున్నాను), నెత్తిన స్నార్కెల్, నడుముకు గొలుసుతో టార్చి, ఛాతీ మీద వేలాడే కెమెరా, పక్కన గాలి కొలిచే గేజీ, పసుపు రంగు అదనపు రెగ్యులేటర్. ఆమె పైనుంచి ఒక పాత వల విసిరి, చేతులు కట్టుకొని నిలబడింది. ఎవరూ కదలవద్దు, ఒక్కసారి పక్కకు తిరగండి అని సైగ.

తిరిగాను. గేజీ పట్టింది. దాన్ని విడిపించడానికి వంగితే స్నార్కెల్ పట్టింది. కాలు వెనక్కి తీస్తే బాకు పిడి, ఫిన్ను పట్టీ చివర, టార్చి గొలుసు. ఆమె వచ్చి ఒక్కొక్కటీ విప్పుతూ వేళ్ళతో లెక్క చూపింది. ఏడు. బావకు రెండే.

నీళ్ళలో ఆ వల కింద కూర్చొని నాకు మా ఊరి ఇనుప కడియం గుర్తొచ్చింది. నాలుగు వైపులా కొక్కేలు. డబ్బు పోసి, నెలరోజులు ఎంచి, నన్ను నేను ఒక పాతాళగరిగెగా చేసుకున్నాను. దాని గొప్ప అంతా దేనికైనా తగులుకోవడంలో ఉంది. ఇక్కడికి పోవాల్సింది మాత్రం దేనికీ తగలకుండా జారిపోయే మనిషి.

ఆ మధ్యాహ్నం అంతా తీసివేతలే. బాకు ఇంటికి. స్నార్కెల్ పడవలో. కెమెరా వద్దు. గేజీ గొట్టాన్ని ఛాతీ పక్కన కొక్కెం మూసుకునే క్లిప్పుతో బిగించాం. నోరు తెరిచినట్టుండే క్లిప్పు వాడితే దారం తనంతట తానే దూరిపోతుంది. ఫిన్ను పట్టీ చివర్లు లోపలికి తిప్పి టేపు చుట్టాం. కత్తెర రెండు, ఒకటి కుడి చేతికి అందేచోట, ఒకటి ఎడమ చేతికి. ఏ చెయ్యి వలలో పడుతుందో ముందు తెలియదు కాబట్టి. కోతపడని చేతి తొడుగులు, 3 మిల్లీమీటర్ల వెట్‌సూటు. ఏప్రిల్ బంగాళాఖాతంలో చలి కోసం కాదు, జెల్లీ చేపల కోసం. బావ పొట్ట కోసం ఒక సైజు పెద్దది అద్దెకు తీశాం.

సీసం ఎంత కట్టుకోవాలో బావ బావి లెక్కతో చెప్పబోయాడు. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే నూటికి రెండున్నర వంతు బరువు. సామానుతో కలిపి మనిషి 90 కిలోలుంటే కొలనులో సరిపోయినదానికి ఇంకో రెండు కిలోల పైన కలపాలి. పైగా నిండు సిలిండరులో గాలి బరువే రెండున్నర కిలోల చిల్లర. పీల్చేకొద్దీ అది తగ్గి చివర్లో మనిషి తేలిపోతాడు. గాలికి బరువుందన్న మాట బావ చాలాసేపు నమ్మలేదు.

మూడు రోజుల్లో ఆరుసార్లు దిగాం. పుదుచ్చేరి ఎదుట సముద్రంలో 18 మీటర్ల లోతున టెంపుల్ రీఫ్ అనే చోటుంది. కాంక్రీటు, రాళ్ళు, చెట్లు దించి 2013లో చేపల కోసం కట్టిన ఊరు. మా పని అక్కడ కాదు, ఇంకా తక్కువ లోతున్న ఒక రాతి గుట్ట మీద. నీళ్ళు పచ్చగా, చెయ్యి చాచిన దూరం దాకే స్పష్టంగా ఉన్నాయి. వల గుట్ట మీద పాత దోమతెరలా పరుచుకొని ఉంది, దాని మీద నాచు, నత్తగుల్లలు. లాగకూడదు. లాగితే రాతిని పట్టుకొని పెరిగినదంతా ఊడి వస్తుంది. అడుగు అడుగు ముక్క కోసి, జతగాడు పట్టిన సంచిలో కుక్కాలి. సంచి బరువెక్కితే దానికి వేరే బెలూన్ కట్టి గాలి నింపి పంపాలి. లీటరు గాలి ఒక కిలో లేపుతుంది. తేలడానికి మనం వేసుకున్న గాలి జాకెట్టును నింపుకొని లేపుదామనుకుంటే, సంచి జారిన క్షణాన మనమే బెలూన్లం అవుతాం.

నా సన్న మీసం పగ తీర్చుకుంది. నాలుగు నిమిషాలకోసారి ముక్కు కింద ఒక చెంచాడు నీళ్ళు చేరేవి. తల కొంచెం ఎత్తి ముక్కుతో ఊది బయటికి పంపడం, మళ్ళీ కోయడం. పక్కన బావ గుండు మీద పట్టీ జారకుండా కూర్చుంది, మాస్కులో చుక్క నీరు లేదు. ఒకచోట వల మడతలో ఒక పీత, ఒక డెక్క బయట, మిగతా ఒళ్ళు లోపల. బావ దాని చుట్టూ దారాలు ఒక్కొక్కటిగా కత్తిరించాడు. చివరి దారం తెగగానే అది ఆయన తొడుగు వేలును పట్టుకుంది. వదలడానికి చాలాసేపు పట్టింది. ఆ సమయానికి ఇద్దరి గేజీలూ 50 బార్ల దగ్గరికి దిగాయి, పైకి బయల్దేరాం. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు బావ నాకు వేలు చూపించి, తొడుగు మంచిది కొన్నాం అన్నట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాడు.

చివరి డైవ్ ముగిసేసరికి మధ్యాహ్నం పన్నెండు. భోంచేసి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి చిత్తూరు చేరాం. చిత్తూరు వెయ్యి అడుగుల చిల్లర ఎత్తులో ఉంది, అక్కడిదాకా ఫర్వాలేదు. బావ ఉండే పలమనేరు మొగిలి ఘాటు పైన, రెండు వేల అడుగులు దాటిన ఊరు. ఇంకా నలభై కిలోమీటర్లు. 18 గంటలు నిండాలంటే పొద్దున ఆరు కావాలి.

మా చిన్నాన్న ఇంట్లో దిగాం. భోజనాల దగ్గర అక్క ఫోన్ చేసింది. బావ స్పీకరు పెట్టాడు.

“యాడుండారు?”

“చిత్తూరులో. పొద్దున వస్తా.”

“నలభై కిలోమీటర్లు రాలేవా? బస్సులుండాయి గదా.”

“ఘాటు ఎక్కకూడదంట.”

“ఎవురు చెప్పినారు?”

బావ చేతికున్న డైవ్ కంప్యూటర్ వైపు చూశాడు. అద్దెకు తీసుకోకుండా ఆయన పట్టుపట్టి కొన్న ఒకే ఒక్క యంత్రం అది. దాని తెర మూలన చిన్న విమానం బొమ్మ, దాని పక్కన తగ్గుతున్న అంకెలు.

“సముద్రం అడుక్కి పొయ్యొచ్చినోడికి మొగిలి ఘాటు ఎక్కడానికి బయమా?” అంది అక్క. తరువాత గొంతు మార్చి, “మీసం నిజంగా తీసేసినావా?” అని అడిగింది.

బావ ఫోను నాకిచ్చి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే ఆయన వరండాలో నులకమంచం మీద కూర్చొని, చీకట్లో మణికట్టు వెలుతురు చూసుకుంటున్నాడు. విమానం బొమ్మ ఇంకా పోలేదు.